అవుట్‌డోర్ యూనిట్‌ని దుమ్ము, ఎండ నుంచి ఎలా కాపాడుకోవాలి? చెన్నైలో మెట్రో పనుల పక్కన ఇల్లు

పెరుంబాక్కం_ఏడో_అంతస్తు · ఏప్రిల్ 18, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది పెరుంబాక్కం మెయిన్‌రోడ్డు పక్కన అపార్ట్‌మెంటు. మెట్రో రెండో దశ పనులు మొదలయ్యాక దుమ్ము ఎంతగా ఉంటోందంటే, పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రం తీసేసరికి సిమెంటు రంగుకి వచ్చేస్తోంది.

మా బెడ్‌రూమ్‌కి 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ ఉంది. ఇది నాలుగో వేసవి. అవుట్‌డోర్ యూనిట్ బాల్కనీ పక్కన లెడ్జ్ మీద ఉంటుంది. ముందు బిల్డర్ పెట్టిన అల్యూమినియం లూవర్ గ్రిల్ (వాలు పలకల జాలీ) ఉంది. పడమర ముఖం కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నేరుగా ఎండ పడుతుంది.

ఆ గదిలో మా నాన్నగారు ఉంటారు. 76 ఏళ్ళు, బైపాస్ అయింది. వేడిలో ఉంచొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. వారం రోజులుగా మధ్యాహ్నం మూడు దాటితే ఏసీలోంచి వట్టి గాలే వస్తోంది. రాత్రి పదికి మళ్ళీ మామూలుగా చల్లబడుతోంది.

దుమ్ము పడకుండా ఫిబ్రవరిలోనే జాగ్రత్త పడ్డాను. యూనిట్ వెనక, పక్కన దోమతెర కట్టించాను. పైన వాటర్‌ప్రూఫ్ కవర్ తొడిగి ముందు ఫ్యాన్ మేరకు కత్తిరించాను. బాల్కనీ వైపు ఎండ ఆగడానికి గ్రీన్ నెట్ కట్టాను. ఇంత చేసినా ఇలా అవుతోంది. సర్వీసుకు వచ్చినతను గ్యాస్ తగ్గింది, నింపాలి, 3,200 అవుతుందన్నాడు. నింపించమంటారా? ఇంకా మంచి కవరు ఏదైనా ఉందా?

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · ఏప్రిల్ 18, రాత్రి 10.25

అమ్మా, గ్యాస్ సంగతి తర్వాత చూద్దాం. రేపు పొద్దున్నే ఆ కవరు, దోమతెర, గ్రీన్ నెట్ మూడూ తీసేయండి. మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు, కానీ యూనిట్‌కి ఊపిరాడట్లేదు.

నేను ఈ పనిలో 18 ఏళ్ళుగా ఉన్నాను. గదిలోంచి తోడిన వేడిని బయటికి వదిలేదే అవుట్‌డోర్. వెనక వైపు, ఎడమ పక్కన సన్నటి అల్యూమినియం రేకులు కనిపిస్తాయి కదా, అదే కండెన్సర్ కాయిల్. ఫ్యాన్ ఆ రేకుల సందుల్లోంచి గాలిని లోపలికి లాగి ముందు వైపు విసురుతుంది. వెనక దోమతెర కడితే మొదటి రోజే గాలి తగ్గుతుంది. మెట్రో దుమ్ములో పది రోజులకి ఆ తెర చిల్లులన్నీ మూసుకుపోతాయి. వేడి బయటికి పోక లోపల ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. మీకు వట్టి గాలి వచ్చేది అప్పుడే.

రాత్రి బాగా చల్లబడుతోంది అన్నారు చూడండి, అదే అసలు గుర్తు. గ్యాస్ నిజంగా తగ్గితే రాత్రి కూడా గది సరిగ్గా చల్లబడదు. పైగా ఏసీలో గ్యాస్ ఖర్చయిపోయేది కాదు, బండిలో పెట్రోల్ లాంటిది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు చూపించకుండా గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోకండి. దుమ్ము పట్టిన కాయిల్‌తో ఉన్న యూనిట్‌లో ఇంకా గ్యాస్ నింపితే ప్రెషర్ మరీ పెరిగిపోతుంది.

మడిపాక్కం_అద్దె_ఇల్లు · ఏప్రిల్ 19, ఉదయం 7.05

నాకూ పోయిన ఏడాది ఇదే జరిగింది. గ్యాస్ అని 2,800 తీసుకున్నారు, నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మామూలే. తర్వాత ఇంకొకతను వచ్చి కాయిల్ కడిగితే అంతా సరిపోయింది. అప్పట్నుంచి బిల్లు మీద లీకు ఎక్కడో రాసివ్వమని అడుగుతున్నాను. అలా అడిగితే ఊరికే గ్యాస్ మాట ఎత్తరు.

తిరువాన్మియూర్_రిటైర్డ్_ఇంజనీర్ · ఏప్రిల్ 19, ఉదయం 8.30

మెకానిక్‌గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎండ గురించి నేను కొంచెం లెక్క చెబుతాను. చాలామంది ఎండనే పెద్ద శత్రువు అనుకుని నీడ కోసం గాలి మూసేస్తున్నారు.

1.5 టన్ను ఏసీ గదిలోంచి సుమారు 5.3 కిలోవాట్ల వేడిని తోడుతుంది. కంప్రెసర్ వాడుకునే కరెంటు కూడా చివరికి వేడే, అది ఇంకో ఒకటిన్నర. మొత్తం ఏడు కిలోవాట్లకు కాస్త తక్కువగా అవుట్‌డోర్ నుంచి బయటికి పోవాలి. మరి ఎండ ఎంత? నడినెత్తి ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాటు. అవుట్‌డోర్ పైరేకు వైశాల్యం చదరపు మీటరులో నాలుగో వంతు. పడమటి ఎండ పక్కన, ముందు పడేది కలిపినా, తెల్ల రంగు కొంత వెనక్కి తిప్పికొడుతుంది కాబట్టి యూనిట్ లోపలికి ఇంకేది అర కిలోవాటు కూడా ఉండదు.

కాబట్టి నీడ మంచిదే, కానీ దానివల్ల వచ్చే లాభం చిన్నది. గాలి ఆగితే జరిగే నష్టం చాలా పెద్దది. నీడ కావాలంటే యూనిట్‌కి తగలకుండా, పైన కనీసం రెండడుగుల ఎత్తులో రేకు గానీ, సన్‌షేడ్ గానీ పెట్టండి. యూనిట్‌ని దేనితోనూ చుట్టకండి.

ఇంకొకటి. స్టిక్కర్ మీద రాసే కూలింగ్ సామర్థ్యం బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. బయటి గాలి వేడెక్కేకొద్దీ అది తగ్గుతుంది. ఇక్కడ బయటి గాలి అంటే వాతావరణ వార్తల్లో చెప్పేది కాదు, మీ కాయిల్ వెనక ఉన్న గాలి. దాన్ని కొలిచారా? అక్వేరియంలో పెట్టే వైరు థర్మామీటర్ రెండు వందల లోపే దొరుకుతుంది. దాని కొసను యూనిట్ వెనక, ఇనుముకి తగలకుండా వేలాడదీసి చూడండి.

వేళచ్చేరి_కుర్రాడు · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 1.15

నేను అవుట్‌డోర్ వెనక మిస్ట్ నాజిల్స్ పెట్టాను, మొక్కలకి వాడే కిట్టే. సన్నటి తుంపర పడుతుంటే కాయిల్ చల్లగా ఉంటుంది. రెండు నెలలైంది, బాగానే పనిచేస్తోంది. పెరుంబాక్కం మేడమ్ కూడా ట్రై చేయొచ్చు.

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 2.00

తమ్ముడూ, ఏ నీళ్ళు వాడుతున్నావు? బోరు నీళ్ళా?

వేళచ్చేరి_కుర్రాడు · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 2.10

వాటర్ ప్యూరిఫయర్‌లోంచి వృథాగా పోయే నీళ్ళని డ్రమ్ములో పట్టి వాడుతున్నాను అన్నా. నీళ్ళు వేస్ట్ కాకూడదని.

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · ఏప్రిల్ 19, మధ్యాహ్నం 2.30

వెంటనే ఆపేయి. బోరు నీళ్ళలో ఉన్న ఉప్పంతా చేరి చిక్కబడేది ఆ వదిలేసే నీళ్ళలోనే. నువ్వు చల్లిన ప్రతిసారీ నీరు ఆవిరైపోయి ఉప్పు రేకుల మీద ఉండిపోతుంది. ఇవాళ ఎండ తగ్గాక టార్చ్ వేసి వెనక చూడు. రేకుల అంచుల మీద తెల్లటి పొర కనిపిస్తే అది దుమ్ము కాదు, గోకినా రాదు.

వేళచ్చేరి_కుర్రాడు · ఏప్రిల్ 19, రాత్రి 7.50

చూశాను అన్నా. నాజిల్ ఎదురుగా ఉన్న భాగమంతా సున్నం పూసినట్టు ఉంది. గోటితో గీకితే రేకు వంగింది కానీ పొర రాలేదు. నాజిల్స్ తీసేశాను. ఇప్పుడేం చేయాలి?

తిరువాన్మియూర్_రిటైర్డ్_ఇంజనీర్ · ఏప్రిల్ 19, రాత్రి 8.15

బాబూ, యాసిడ్ మాత్రం పోయకు. బాత్రూమ్ యాసిడ్‌తో అల్యూమినియం రేకులు కరిగిపోతాయి, రాగి గొట్టం అతుకుల దగ్గర తినేస్తుంది. కాయిల్ కోసమే తయారుచేసిన, యాసిడ్ లేని క్లీనర్ ఏదైనా కంపెనీ సర్వీసు వాళ్ళ చేత వాడించు. కొంత పొర ఉండిపోయినా ఫర్వాలేదు, ఇక పెరగకుండా ఉంటే చాలు.

నీటి తుంపర పొడి గాలి ఉన్న ఊళ్ళలో బాగా పనిచేస్తుంది. మన చెన్నై గాలిలో తేమ ఇప్పటికే ఎక్కువ, నీరు అంత త్వరగా ఆవిరి కాదు, చల్లదనమూ అంత రాదు.

నీటి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నీ ఇండోర్ యూనిట్ డ్రెయిన్ పైపు నుంచి కారే నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు, గాలిలోని తేమే కదా అది. ఆ నీళ్ళు బకెట్‌లో పట్టి, బట్టలో వడగట్టి ఉంచుకుంటే కాయిల్ కడిగాక ఆఖరి తడుపుకి చాలా బాగుంటాయి. మా ఇంట్లో నేను అదే చేస్తాను.

పెరుంబాక్కం_ఏడో_అంతస్తు · ఏప్రిల్ 20, రాత్రి 9.10

మూడూ తీసేశాం. ఆ దోమతెర చూసి నాకే బాధేసింది. తీస్తుంటే పల్చటి గోనెపట్టాలా ఒకే ముక్కగా ఊడి వచ్చింది. బూడిద రంగు దుమ్ము, దాంట్లో జుట్టు, ఏవో ఎండిన పూల కాడలు, చీమల రెక్కలు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల ఏమీ కనిపించలేదు. ఇన్నాళ్ళూ ఆ తెరలోంచి గాలి లాగమని యూనిట్‌ని ఇబ్బంది పెట్టాను.

థర్మామీటర్ నిన్ననే తెచ్చాం కాబట్టి తీయకముందు కూడా కొలిచాను. శనివారం మధ్యాహ్నం మూడున్నరకి బాల్కనీలో నీడలో 37.4. యూనిట్ వెనక 46.8. ఈ రోజు అదే సమయానికి, అన్నీ తీసేశాక, బాల్కనీలో 37.1, వెనక 42.3. నాన్నగారు మధ్యాహ్నం కాస్త నిద్రపోయారు. కానీ పూర్తిగా చల్లబడట్లేదు. ఇంకా అయిదు డిగ్రీల తేడా ఎందుకు ఉంది?

తిరువాన్మియూర్_రిటైర్డ్_ఇంజనీర్ · ఏప్రిల్ 20, రాత్రి 9.55

మంచి పని చేశావమ్మా. ఆ 46.8 అంటే ఏమిటో చెబుతాను. చెన్నైలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది, అంతటి ఎండ ఊరు అంతకుముందు చూడలేదు. మీ యూనిట్ రోజూ మధ్యాహ్నం దానికంటే వేడి గాలిని పీల్చింది. ఒకసారి యూనిట్ పక్కన ఉన్న ప్లేటు చూడండి. క్లైమేట్ క్లాస్ టీ1 అని ఉంటే 43 డిగ్రీల దాకా, టీ3 అని ఉంటే 52 దాకా పనిచేసేలా తయారైనట్టు.

మిగిలిన అయిదు డిగ్రీలకి కారణం మీ లూవర్ గ్రిల్ అనుకుంటున్నాను. ముందుకి విసిరిన వేడి గాలి ఆ అల్యూమినియం పలకలకి కొట్టుకుని లెడ్జ్ లోపలికే తిరిగి వస్తుంది. యూనిట్ వదిలిన గాలినే మళ్ళీ పీల్చుతోంది. యూనిట్‌కి, గ్రిల్‌కి మధ్య దూరం ఎంత? పలకలు ఎటు వంగి ఉన్నాయి?

పెరుంబాక్కం_ఏడో_అంతస్తు · ఏప్రిల్ 21, ఉదయం 6.40

టేపు పెట్టి కొలిచాను. గ్రిల్‌కి, ఫ్యాన్‌కి మధ్య 38 సెంటీమీటర్లు. వెనక గోడకి 12. పలకలు కిందికి బాగా వాలి ఉన్నాయి, వాన లోపలికి రాకుండా. ఒక అగరుబత్తి వెలిగించి చూశాను. పొగ గ్రిల్ దాకా వెళ్ళి, మళ్ళీ యూనిట్ పైనుంచి చుట్టూ తిరిగి వెనక్కి వస్తోంది. మీరు చెప్పింది కళ్ళారా చూశాను.

మొగప్పేర్_సెక్రటరీ · ఏప్రిల్ 21, ఉదయం 9.20

మా అపార్ట్‌మెంట్ల గోడు కూడా చెప్పుకోవాలి. మా బ్లాకులో అవుట్‌డోర్‌లు బయటికి కనిపించకూడదని అన్నీ మధ్యలో ఉన్న ఓపెన్ డక్ట్‌లో, అంటే కింది నుంచి పైదాకా ఉండే ఖాళీ సందులో పెట్టించారు. అయిదు అంతస్తులు, అంతస్తుకి నాలుగు ఏసీలు. వేడి గాలి పైకే కదా వెళ్ళేది. కింద నాలుగు అంతస్తుల వాళ్ళు వదిలిన వేడంతా అయిదో అంతస్తు వాళ్ళ కాయిల్స్ పీల్చుతాయి. ప్రతి మే నెలలోనూ పైఅంతస్తు వాళ్ళే కంప్లయింట్ ఇస్తారు, కింది వాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి మీటింగులో ఎవరూ పట్టించుకోరు. రెండేళ్ళు పోరాడి పైఅంతస్తు యూనిట్లు నాలుగూ టెర్రస్ మీదకి మార్పించాం. పెరుంబాక్కం మేడమ్, మీ అసోసియేషన్‌కి ఈ థర్మామీటర్ లెక్కలు చూపించండి. మాటలతో చెప్తే వినని వాళ్ళు అంకెలు చూస్తే వింటారు.

టెర్రస్ మీద పెట్టేవాళ్ళు యూనిట్‌ని నేల మీద పెట్టకండి. మధ్యాహ్నం స్లాబు మీద కాలు పెట్టలేం, ఆ వేడి గాలే యూనిట్ పీల్చుతుంది. ఒకటిన్నర అడుగు స్టాండ్ వేయించి, కింద తెల్లటి కూల్ టైల్స్ గానీ, వైట్ పెయింట్ గానీ వేయించండి.

బెంగళూరు_మహదేవపుర · ఏప్రిల్ 21, మధ్యాహ్నం 12.45

నేను బెంగళూరు నుంచి. మాకు దుమ్ముతో పాటు పుప్పొడి బెడద ఎక్కువ. ఇంటి పక్కన రెండు ఖాళీ సైట్లు, నిండా వయ్యారిభామ. మా పాపకి ఆయాసం ఉంది. అవుట్‌డోర్ యూనిట్ ఆ పుప్పొడిని పీల్చి గదిలోకి పంపిస్తుందేమోనని మా ఇంట్లో భయం. అందుకే మేము కూడా దానికి సన్నటి ఫిల్టర్ గుడ్డ కట్టాం. తీసేస్తే పాపకి ఇబ్బంది అవుతుందా?

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1.30

అన్నా, నిశ్చింతగా తీసేయండి. స్ప్లిట్ ఏసీలో బయటి గాలి గదిలోకి రానే రాదు. బయటికీ లోపలికీ మధ్య తిరిగేది రాగి గొట్టాల్లో ఉన్న గ్యాస్ ఒక్కటే. అవుట్‌డోర్ పీల్చిన గాలి అవుట్‌డోర్‌లోంచే బయటికి పోతుంది. పాప గదిలోకి పుప్పొడి వచ్చేది కిటికీ సందుల్లోంచి, తలుపు తీసినప్పుడు, బట్టల మీద. కాపర్ పైపులు గోడలోకి వెళ్ళే చిల్లు చుట్టూ ఖాళీ ఉంటే దాన్ని పుట్టీతో మూయించండి, చాలామంది వదిలేస్తారు. ఇండోర్ యూనిట్ ఫిల్టర్లు పది పదిహేను రోజులకోసారి కడిగి నీడలో ఆరబెట్టండి.

పుప్పొడి అవుట్‌డోర్‌కి చేసే చెడు వేరే ఉంది. అది జిగురుగా ఉంటుంది. పొద్దుటి మంచులో తడిసి రేకులకి అంటుకుంటే దాని మీద దుమ్ము పడి గట్టిపడుతుంది. పొడి బ్రష్‌తో పోదు, నీళ్ళు కావాలి. సైట్ల ఓనర్లతో మాట్లాడి వయ్యారిభామ పూతకి రాకముందే పీకించగలిగితే పాపకీ, ఏసీకీ రెండింటికీ మంచిది. పీకేటప్పుడు చేతులకి గ్లవ్స్, ముఖానికి మాస్క్ మర్చిపోవద్దు.

బెంగళూరు_మహదేవపుర · ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1.50

చాలా థ్యాంక్స్ అన్నా. రెండేళ్ళుగా ఉన్న టెన్షన్ తీరింది.

డాబా_తోట_కొళత్తూర్ · ఏప్రిల్ 22, ఉదయం 6.15

మొక్కలతో నీడ ఇద్దామనుకునే వాళ్ళకి ఒక మాట. నేను యూనిట్ పక్కనే మల్లె పందిరి వేశాను. వేడి గాలి తగిలి ముందు వైపు ఆకులన్నీ మాడిపోయాయి, రాలిన పూలు వెనక రేకుల్లో ఇరుక్కున్నాయి. ఇప్పుడు నాలుగడుగుల దూరంలో, పడమర వైపు మాత్రమే పెద్ద కుండీల్లో కరివేపాకు, మందారం పెట్టాను. యూనిట్ ముందు ఏమీ లేదు. ఎండా ఆగుతోంది, గాలీ ఆడుతోంది.

తిరువాన్మియూర్_రిటైర్డ్_ఇంజనీర్ · ఏప్రిల్ 22, ఉదయం 10.00

సముద్రం దగ్గరివాళ్ళకి దుమ్ము కన్నా ఉప్పుగాలి ప్రమాదం. మా ఇల్లు బీచ్‌కి నాలుగు వీధుల అవతల. మొదటి ఏసీ కాయిల్ అయిదేళ్ళకే పాడైంది. రేకుల్ని వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలిపోయేవి. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ ఉప్పు తడి చేరితే ముందు అల్యూమినియమే కరిగిపోతుంది. స్టాండ్ కూడా తుప్పు పట్టి బోల్టు తలలు ఊడిపోయాయి.

రెండో ఏసీకి కోటింగ్ ఉన్న కాయిల్ తీసుకున్నాను, గాల్వనైజ్డ్ స్టాండ్ వేయించాను, సముద్రం వైపు గోడ నుంచి ఇంటి వెనక గోడకి మార్చాను. నెలకోసారి మంచినీళ్ళతో కడుగుతాను. ఇది తొమ్మిదో ఏడు. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట కవరు వేస్తే ఉప్పు తడి లోపలే ఉండిపోయి ఇంకా త్వరగా తినేస్తుంది.

మడిపాక్కం_అద్దె_ఇల్లు · ఏప్రిల్ 23, రాత్రి 8.30

మెకానిక్ అన్నా, ఇంట్లో మనమే అవుట్‌డోర్ ఎలా కడుక్కోవాలో ఒకసారి వివరంగా చెప్పరూ?

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · ఏప్రిల్ 23, రాత్రి 10.50

చెబుతాను. కానీ అన్నింటికన్నా ముందు ఒక మాట. మీరు నేల మీద గానీ, టెర్రస్ మీద గానీ, రెండు కాళ్ళూ గట్టిగా ఆనించి నిలబడి చేయగలిగితేనే ముట్టుకోండి. కిటికీ లోంచి వంగి, లెడ్జ్ మీద ఒక కాలు పెట్టి ఎవరూ చేయొద్దు. నాతో పనిచేసిన కుర్రాడు మూడో అంతస్తు సజ్జా మీద నుంచి జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. ఇరవై మూడేళ్ళు. అప్పట్నుంచి బెల్టు, తాడు లేకుండా నేను బయటి గోడ పని ఒప్పుకోవట్లేదు. మీ ఇంటికి వచ్చే కుర్రాడు బెల్టు లేకుండా దిగబోతే మీరే ఆపండి. అరగంట ఆలస్యమైనా ఏమీ కాదు.

ఇక పని. పొద్దున్నే, యూనిట్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. రిమోట్‌తో ఆపితే సరిపోదు, కరెంటు బోర్డులో ఏసీకి ఉన్న ఎంసీబీ స్విచ్ దించాలి. దించాక కూడా పది నిమిషాలు ఆగండి, ఇన్వర్టర్ బోర్డులోని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. పైరేకు స్క్రూలు విప్పితే లోపల ఫ్యాన్ కనిపిస్తుంది, ఒక పక్కన అట్టపెట్టెలా కరెంటు భాగం ఉంటుంది. దాని మీద మందపాటి ప్లాస్టిక్ కవర్ కప్పి టేపు వేయండి. అక్కడ ఒక్క చుక్క పడకూడదు.

ముందు మెత్తటి బ్రష్‌తో రేకుల నిలువు దిశలోనే పైనుంచి కిందికి దులపండి. అడ్డంగా తోమితే రేకులు వంగి సందులు మూసుకుపోతాయి. తర్వాత నీళ్ళు. ఇక్కడే చాలామంది పొరబాటు చేస్తారు. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దూరి బురదై గట్టిపడుతుంది. గాలి బయటి నుంచి లోపలికి వస్తుంది కాబట్టి నీళ్ళు లోపలి నుంచి బయటికి కొట్టాలి. మామూలు తోట పైపు ధార చాలు. జెట్ పంపు వాడితే దూరం నుంచి, రేకులకి సూటిగా పట్టాలి, పక్కవాటుగా కొడితే అన్నీ పడుకుండిపోతాయి. జిడ్డు ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్ళలో కలిపి చల్లి, పావుగంట ఆగి కడగండి. కింద కారే నీళ్ళు నల్లగా మొదలై తేటగా వచ్చేదాకా కడగాలి. మెట్రో రోడ్డు పక్కన ఇళ్ళలో నేను కడిగినప్పుడు చాలాసార్లు నీళ్ళు టీ డికాక్షన్‌లా వస్తాయి.

ఇన్వర్టర్ యూనిట్లలో ఇంకో చోటు ఉంది, అదీ చూడాలి. బోర్డు వెనక అల్యూమినియం పళ్ళతో ఒక హీట్‌సింక్ ఉంటుంది, ఫ్యాన్ గాలి దాని మీద నుంచి పోతుంది. దాంట్లో దుమ్ము నిండితే బోర్డు వేడెక్కి ముందు కూలింగ్ తగ్గుతుంది, తర్వాత బోర్డే పోతుంది. బోర్డు మార్చాలంటే వేలల్లో ఖర్చు. దాన్ని నీళ్ళతో కాదు, పొడి బ్రష్‌తోనే శుభ్రం చేయాలి. అది విప్పడం రాకపోతే మెకానిక్‌తో చేయించండి.

అంతా ఆరాక, కనీసం రెండు గంటల తర్వాత ఆన్ చేయండి. రోడ్డు పనుల పక్కన ఉన్నవాళ్ళు వేసవిలో రెండు నెలలకోసారి, మిగిలినవాళ్ళు ఏడాదికి రెండుసార్లు చేయిస్తే చాలు.

వేళచ్చేరి_కుర్రాడు · ఏప్రిల్ 24, ఉదయం 8.05

అన్నా, బల్లులు లోపలికి దూరకుండా ఏదైనా ఉపాయం ఉందా? మా ఫ్రెండ్ వాళ్ళ యూనిట్ బోర్డు మీద బల్లి పడి షార్ట్ అయింది.

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1.10

వైర్లు లోపలికి వెళ్ళే రంధ్రం దగ్గర రబ్బరు బిరడా ఊడిపోయి ఉంటుంది, అక్కడి నుంచే దూరతాయి. దాన్ని పెట్టించు. అలాగే రాగి గొట్టాల మీద నల్లటి ఫోమ్ ఎలా ఉందో చూడు. ఎండకి పెళుసై రాలిపోతుంది, కాకులు, ఉడుతలు గూళ్ళ కోసం పీక్కుపోతాయి. లావు గొట్టం ఖాళీగా కనిపిస్తే చల్లదనం దారిలోనే పోతున్నట్టు. కొత్త ఫోమ్ చుట్టి పైన పీవీసీ కేసింగ్ వేయిస్తే ఎండ తగలదు. నిజంగా ఎండ నుంచి కాపాడాల్సింది ఆ గొట్టాల్నే.

పెరుంబాక్కం_ఏడో_అంతస్తు · మే 11, రాత్రి 9.30

ఇన్ని రోజులు రాయలేకపోయాను, అసోసియేషన్ వాళ్ళతో మాట్లాడడానికే రెండు వారాలు పట్టింది. లూవర్ తీయడానికి ఒప్పుకోలేదు, బయటి నుంచి అన్ని ఫ్లాట్లూ ఒకేలా కనిపించాలన్నారు. మొగప్పేర్ సెక్రటరీగారు చెప్పినట్టు అంకెలు రాసి, అగరుబత్తి పొగ వీడియో తీసి చూపించాను. చివరికి పలకలు దాదాపు అడ్డంగా ఉండేలా తిప్పుకోవడానికి ఒప్పుకున్నారు. మా లైనులో ఇంకో ఆరు ఫ్లాట్లవాళ్ళు కూడా అదే చేయించుకుంటున్నారు.

మెకానిక్‌గారు ఫోటోలు చూసి చెప్పినట్టు యూనిట్‌ని గ్రిల్ దగ్గరికి జరిపించాం. ఇప్పుడు ఫ్యాన్‌కి, పలకలకి మధ్య పది సెంటీమీటర్లే. పక్కల్లో, పైన ఖాళీని అల్యూమినియం రేకుతో మూయించాం, వేడి గాలి వెనక్కి రాకుండా. వెనక గోడకి 40 సెంటీమీటర్ల దాకా ఖాళీ వచ్చింది, ఆ వైపు, బాల్కనీ వైపు అంతా తెరిచే ఉంది. రాగి గొట్టం మడత పడకుండా నెమ్మదిగా వంచడానికే ఇద్దరికి గంటన్నర పట్టింది. బెల్టు, తాడు కట్టుకునే చేశారు, నేను దగ్గరుండి చూశాను.

కాయిల్ కడిగించాం. నల్లటి నీళ్ళు రెండు బకెట్లు వచ్చాయి. గ్యాస్ ప్రెషర్ కూడా చూశారు, సరిగ్గానే ఉంది. ఒక్క రూపాయి గ్యాస్ వేయలేదు.

ఇప్పుడు ఇక్కడ కత్తిరి (తమిళనాట మే నెల మండుటెండల రోజులు) నడుస్తోంది. ఈ రోజు సముద్రపు గాలి మూడు దాటినా రాలేదు. బాల్కనీలో 39.2, యూనిట్ వెనక 39.9.

తిరువాన్మియూర్_రిటైర్డ్_ఇంజనీర్ · మే 11, రాత్రి 9.50

అమ్మా, 9.4 తేడా 0.7కి వచ్చింది. ఇంతకంటే తగ్గించేదేమీ లేదు. నాన్నగారు ఎలా ఉన్నారు?

పెరుంబాక్కం_ఏడో_అంతస్తు · మే 11, రాత్రి 10.05

మధ్యాహ్నం భోజనం చేసి అయిదింటి దాకా పడుకున్నారండీ. ఏసీ 26లో పెట్టాం, ఫ్యాన్ మూడులో. చలేస్తోంది, దుప్పటి ఇవ్వమన్నారు.

మడిపాక్కం_అద్దె_ఇల్లు · మే 12, ఉదయం 7.15

చాలా సంతోషం మేడమ్. మాకు అసలు రోహిణి కార్తె ఇంకా ముందుంది, రోళ్ళు పగిలే ఎండలంటారు కదా. ఈ ఆదివారమే మాదీ కడిగిస్తాను.

పెరుంబాక్కం_ఏడో_అంతస్తు · మే 12, ఉదయం 8.00

ఆఖరిగా ఒక ప్రశ్న మెకానిక్‌గారూ. అక్టోబరులో వానలు మొదలయ్యాక నెల రోజులు ఏసీ వాడం. అప్పుడైనా ఆ కవరు వేయొచ్చా?

అంబత్తూరు_ఏసీ_మెకానిక్ · మే 12, ఉదయం 8.40

పైరేకు మీద మాత్రమే కప్పే చిన్న కవరు ఉంటే వేసుకోండి, పక్కలకి దిగకూడదు. నిండు కవరు వేస్తే లోపల తేమ పట్టి తుప్పు మొదలవుతుంది, ఎలుకలు కాపురం పెడతాయి. అవుట్‌డోర్‌ని వానలో తడిసేలాగే తయారుచేస్తారు, మంచి వాన పడితే సగం దుమ్ము అదే కడిగేస్తుంది. వేళచ్చేరి, పళ్ళికరణై వైపు కింది అంతస్తులవాళ్ళు మాత్రం 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో గోడ మీద గుర్తు చూసుకుని, యూనిట్‌ని దానికంటే పైకి ఎత్తించుకోండి. ఒకవేళ మునిగితే ఆరేదాకా, బోర్డు చూపించేదాకా స్విచ్ వేయొద్దు.

వాడని నెలలో కూడా వారానికోసారి ఓ పావుగంట నడపండి. ఆ దోమతెర మాత్రం కిటికీకి వాడుకోండి అమ్మా.